పొదుపు ఎవరి జేబులో పడితే ఖర్చు వారే పెట్టాలి

ఇంట్లో బల్బు, ఫ్యాను, ఫ్రిజ్, ఏసీ ఎంత కరెంటు తీసుకోవాలో ప్రభుత్వం చెప్పవచ్చా? తక్కువ కరెంటుతో నడిచేవే వాడాలని ప్రతి ఇంటికీ ఆదేశం ఇవ్వవచ్చా? ఏసీల ఉష్ణోగ్రత 20 డిగ్రీల కంటే తగ్గించే వీలు లేకుండా చేస్తామని 2025 జూన్‌లో కేంద్రం చెప్పినప్పుడు ఈ చర్చ గట్టిగానే సాగింది. దేశానికి మంచిదని ఒకరు, మా ఇంట్లో మీ పెత్తనం ఏమిటని ఇంకొకరు వాదించారు.

ఏసీల గొడవ రైతు పత్రికలో ఎందుకని అనిపించవచ్చు. కానీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల అనుభవం పట్నవాసుల కంటే రైతుకే ఎక్కువ ఉంది. ఫలానా పరికరాలు బిగించుకుంటేనే ఉచిత కరెంటు ఇస్తామని ఇరవయ్యేళ్ల కిందటే మనకు షరతు పెట్టారు. ఆ షరతు ఏమైందో, ఎందుకలా అయిందో చూస్తే ఇళ్ల సంగతిలో ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలుస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది. ఇళ్లలో వృథా అయ్యే కరెంటు చివరికి పొలం మీదే పడుతుంది. 2022 ఏప్రిల్‌లో ఎండలు ముదిరి డిమాండ్ పెరిగేసరికి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో పవర్ ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర గరిష్ఠ పరిమితిని తాకుతుంది. 2023 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10 రూపాయలు. అంత పెట్టి కొన్న కరెంటు భారం మళ్లీ సర్దుబాటు చార్జీల పేరుతో అందరి బిల్లుల్లోకీ వస్తుంది. కాలువ నీటితో పండించే డెల్టా రైతుకు కరెంటుతో పనేమిటని కూడా ఇప్పుడు అనలేం. పట్టిసీమలో 24 పంపులు తిరిగితేనే గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువ మీదుగా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి. ఆ నీళ్లతో డెల్టాలో నారుమళ్లు పోస్తున్నామంటే మన సార్వా కూడా కొంతవరకు కరెంటు మీదే నడుస్తున్నట్టు.

కాబట్టి కరెంటు పొదుపు మనకూ కావాలి. తేల్చుకోవాల్సింది ఆదేశం ఎవరి మీద ఉండాలి, ఖర్చు ఎవరు పెట్టాలి, మిగిలింది ఎవరికి చెందాలి అన్న మూడు విషయాలు.

నాలుగు పరికరాల షరతు

2004 మే 14న ప్రమాణ స్వీకారం చేసిన రోజే వై.ఎస్. రాజశేఖర రెడ్డి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం చేశారు. దానికి నాలుగేళ్ల ముందు, 2000 ఆగస్టు 28న, చార్జీల పెంపును వ్యతిరేకిస్తూ సాగిన చలో అసెంబ్లీలో బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపితే రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి ప్రాణాలు పోయాయి. ఆ పోరాటం లేకుండా ఆ సంతకం లేదు.

ఆ తర్వాత 2005లో ఉచిత విద్యుత్‌కు హద్దులు వచ్చాయి. మాగాణి రెండున్నర ఎకరాలు మించినా, మెట్టలో మూడు కనెక్షన్లు మించినా చార్జీ కట్టాలన్నారు. ఆదాయపు పన్ను కట్టేవారిని పక్కన పెట్టారు. వీటితో పాటు పొదుపు షరతులు పెట్టారు. అవి నాలుగు: మోటారుకు తగిన కెపాసిటర్, రాపిడి తక్కువగా ఉండే ఫుట్‌వాల్వు, ఇనుప పైపుల స్థానంలో హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపులు, ఐఎస్ఐ గుర్తున్న మోనోబ్లాక్ లేదా సబ్‌మెర్సిబుల్ పంపుసెట్టు. ఇవి లేనివారికి ఉచితం వర్తించదని నియంత్రణ మండలి టారిఫ్ ఉత్తర్వుల్లో కూడా రాశారు.

సాంకేతికంగా ఈ నాలుగూ సరైనవే. తుప్పు పట్టిన పైపులో, ఇరుకు ఫుట్‌వాల్వులో నీళ్లు రాసుకుంటూ రావడానికి మోటారు అదనంగా శ్రమిస్తుంది. ఆ శ్రమంతా వృథా కరెంటే. అయినా ఈ షరతులు చాలాచోట్ల కాగితం మీదే మిగిలిపోయాయి. రైతుకు తెలివి లేక బిగించలేదని పట్నంలో అంటారు. కెపాసిటర్ ఎలా పనిచేస్తుందో చూస్తే అసలు కారణం అర్థమవుతుంది.

కెపాసిటర్ చెప్పే నీతి

మోటారు లైను నుంచి తీసుకునే కరెంటులో కొంత భాగమే నీళ్లు తోడే పనికి వస్తుంది. ఇంకొంత మోటారులో అయస్కాంత శక్తి పుట్టించడానికి లైనులో అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. కెపాసిటర్ పెడితే ఆ రెండో భాగం మోటారు దగ్గరే దొరుకుతుంది, లైను మీద బరువు తగ్గుతుంది. పవర్ ఫ్యాక్టర్ 0.75 నుంచి 0.95కి పెరిగిందనుకుందాం. లైనులో పారే కరెంటు ఐదో వంతు తగ్గుతుంది. తీగల్లో వేడిగా పోయే నష్టం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా ఉంటుంది, చివరి మోటారుకు కూడా వోల్టేజీ అందుతుంది.

ఈ లాభాలన్నీ లైనుకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు, డిస్కమ్‌కు చేరేవి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద పదిహేను మోటార్లు ఉంటే, ఒక్క రైతు కెపాసిటర్ పెట్టినంత మాత్రాన అతనికి కనిపించే తేడా దాదాపు ఏమీ లేదు. పదిహేను మందీ పెడితే అందరికీ మేలు. పద్నాలుగు మంది పెట్టకపోతే పెట్టినవాడి డబ్బు దండగ. అందరూ కలిసి చేస్తేనే ఫలితం ఇచ్చే పనిని ఒక్కొక్కరి మీద విడివిడిగా రుద్దారు. కాలువ పూడిక ఎవరి చేను ముందు వాళ్లే తీసుకోండి, తీయకపోతే నీళ్లు ఇవ్వమని చెప్పడం లాంటిదే ఇది. పూడిక అలా తీయరు. తల నుంచి చివరి దాకా ఒకేసారి తీస్తారు.

ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిది? డిస్కమ్‌ది. లైను ఎవరిది? డిస్కమ్‌ది. నష్టం తగ్గితే మిగిలేది ఎవరికి? డిస్కమ్‌కే. అలాంటప్పుడు ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నింటికీ ఒకేరోజు కెపాసిటర్లు బిగించి, చెడిపోతే మార్చే బాధ్యత డిస్కమ్ తీసుకుని ఉండాల్సింది. ఆ పని రైతు నెత్తిన పెట్టి, చేయకపోతే ఉచితం పోతుందని భయపెట్టారు. ఆదేశం తప్పు చిరునామాకు వెళ్లింది. అది అమలు కాకపోవడంలో వింత ఏముంది?

బల్బు ఎలా మారింది

ఇప్పుడు ఇళ్లకు వద్దాం. పదిహేనేళ్ల కిందట పల్లెల్లో 60 వాట్ల గుండు బల్బు సర్వసాధారణం. ఇప్పుడది దాదాపు కనబడదు. గుండు బల్బు వాడితే జరిమానా అని ఏ ప్రభుత్వమూ మన ఇళ్లకు నోటీసు పంపలేదు. మరి ఎలా మారింది?

కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థలు కలిసి పెట్టిన ఈఈఎస్‌ఎల్ కోట్ల సంఖ్యలో ఎల్‌ఈడీ బల్బులు ఒకేసారి టెండరు పిలిచి కొన్నది. 2014 మొదట్లో ఒక్కో బల్బుకు 310 రూపాయలు పెట్టింది. 2016 నాటికి అదే సంస్థ 38 రూపాయలకు కొనగలిగింది. మన రాష్ట్రంలో తొలి విడతగా గుంటూరు, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం, అనంతపురం జిల్లాల్లో పాత బల్బు ఇచ్చినవారికి పది రూపాయలకే ఎల్‌ఈడీ బల్బు ఇచ్చారు. మిగిలిన ఖర్చు పొదుపైన కరెంటు లెక్కలోంచి రాబట్టుకునే ఏర్పాటు. 2021 మార్చిలో మొదలైన గ్రామ ఉజాలా పథకానికి దేశంలో ఎంచుకున్న మొదటి ఐదు ప్రాంతాల్లో మన విజయవాడ ఒకటి. పల్లెల్లో కుటుంబానికి ఐదు బల్బుల దాకా, ఒక్కొక్కటి పది రూపాయలకు, మూడేళ్ల గ్యారంటీతో ఇస్తామన్నారు.

60 వాట్ల బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ అదే వెలుగుకు ఒకటిన్నర యూనిట్ కూడా తీసుకోదు. నాలుగు బల్బులున్న ఇంట్లో నెలకు 30 యూనిట్లు మిగిలినట్టు. ధర దిగింది, వస్తువు చేతికందింది, బిల్లులో తేడా కనబడింది. జనం వాళ్లంతట వాళ్లే మారారు.

అయితే ఇందులోనూ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. గ్రామ ఉజాలాలో బల్బు అసలు ధరకూ పది రూపాయలకూ మధ్య ఉన్న తేడాను కార్బన్ క్రెడిట్లు అమ్మి పూడుస్తామని చెప్పారు. బొగ్గు మండడం ఎంత తగ్గిందో లెక్కకట్టి దాన్ని ఒక సరుకుగా అమ్మడమే కార్బన్ క్రెడిట్. ఆ సరుకు పుట్టింది పల్లె ఇంట్లో. పాత బల్బు అప్పగించింది ఆ ఇంటి మనిషి. బల్బు చౌకగా వచ్చింది కాబట్టి ఇక్కడ పెద్దగా నొప్పి తెలియలేదు. రేపు పొలంలో, చెరువు మీద, వరి సాగులో ఇదే వ్యాపారం విస్తరిస్తే అమ్మినదానిలో రైతు వాటా ఎంతో ముందే రాసుకోవాలి. ధాన్యం తూకం వేశాక ధర మాట్లాడుకుంటే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఫ్యాను లెక్క, స్లాబు లెక్క

బల్బుకు కుదిరింది ఫ్యానుకు ఇంకా కుదరలేదు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటుంది. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు తేడా. కృష్ణా తీరపు ఉక్కలో 15 గంటలు ఎక్కువేమీ కాదు.

2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 యూనిట్ల దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 70 యూనిట్లు వాడే కూలీ ఇంట్లో కొత్త ఫ్యాను పెడితే నెలకు 60 రూపాయలు మిగులుతాయి. 500 యూనిట్లు వాడే ఏసీల ఇంట్లో అదే ఫ్యాను 195 రూపాయలు మిగులుస్తుంది. కొత్త ఫ్యానుకు పాతదానికంటే 1200 రూపాయలు ఎక్కువ పెట్టాల్సి వస్తే, పెద్దింటికి ఆ డబ్బు ఆరు నెలల్లో తిరిగొస్తుంది. కూలీ ఇంటికి ఇరవై నెలలు పడుతుంది. చలికాలంలో ఫ్యాను ఆపేస్తే ఇంకా ఆలస్యం. ఆ 1200 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందైతే నెలకు 24 రూపాయలు వడ్డీకే పోతాయి.

అంటే ఒకే ఆదేశం రెండు ఇళ్ల మీద రెండు రకాలుగా పడుతుంది. ఎక్కువ కరెంటు వాడేవాడికి అది లాభసాటి బేరం. తక్కువ వాడేవాడికి ముందుగా కట్టాల్సిన పన్ను.

ఇక్కడే అసలు సంగతి ఉంది. మన రాష్ట్రంలో ఒక యూనిట్ సరఫరాకు సగటున అయ్యే ఖర్చు 7 రూపాయల చుట్టూ ఉంటుందని నియంత్రణ మండలి లెక్కలే చెబుతున్నాయి. కూలీ ఇంట్లో ఒక యూనిట్ తగ్గితే ఆ ఇంటికి మిగిలేది 3 రూపాయలు. రాయితీగా పోయే మిగతా సొమ్ములో చాలా భాగం డిస్కమ్‌కూ ప్రభుత్వానికీ మిగులుతుంది. స్థిర ఖర్చులు అలాగే ఉంటాయన్నది నిజమే. కానీ ఆ యూనిట్ రాత్రి ఎనిమిది గంటల వేళ, ఎక్స్ఛేంజీలో 10 రూపాయలు పెట్టి కొనే వేళ తగ్గితే మిగిలేది ఇంకా ఎక్కువ. నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం ఉన్న ఎస్సీ, ఎస్టీ కుటుంబాల ఇళ్లలో అయితే తగ్గిన ప్రతి యూనిట్ లాభం పూర్తిగా ప్రభుత్వానిదే. మరి ఫ్యాను ఖర్చు మాత్రం ఆ కుటుంబం ఎందుకు పెట్టాలి? పొదుపు ఎవరి జేబులో పడితే ఖర్చు వారే పెట్టాలి. ఇంతకంటే తేలికైన న్యాయం లేదు.

పంపుసెట్టుకూ ఇదే న్యాయం

2016 ఏప్రిల్‌లో విజయవాడలోనే కేంద్ర విద్యుత్ మంత్రి, రాష్ట్ర ముఖ్యమంత్రి కలిసి రెండు జాతీయ పథకాలు ప్రారంభించారు. ఒకటి ఇళ్లకు పొదుపు ఫ్యాన్లు, వాయిదాల మీద. రెండోది రైతులకు 5 స్టార్ పంపుసెట్లు, ఉచితంగా. పాత పంపు ఇచ్చి కొత్తది తీసుకోవడమే, 30 శాతం కరెంటు ఆదా అవుతుందన్నారు. రాష్ట్రంలో 2 లక్షల పంపుసెట్లు మారుస్తామన్నారు. అప్పటికే 15 లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లున్న రాష్ట్రంలో ఆ లక్ష్యమే చిన్నది.

ఖర్చు రైతు మీద వేయకపోవడం వరకు ఆ పథకం దారి సరైనదే. 5 హార్స్‌పవర్ మోటారు గంటకు సుమారు నాలుగున్నర యూనిట్లు తీసుకుంటుంది. తొమ్మిది గంటలకు 40 యూనిట్లు. 30 శాతం తగ్గితే రోజుకు 12 యూనిట్లు. వంద రోజుల పంటకు 1200 యూనిట్లు, 7 రూపాయల చొప్పున 8,400 రూపాయలు. ఉచిత విద్యుత్‌లో ఈ సొమ్ము ఒక్క పైసా కూడా రైతుకు రాదు. మొత్తం సర్కారుకు మిగిలేదే. కాబట్టి పంపు కొనాల్సింది సర్కారే.

అయినా మెట్ట రైతు కొత్త పంపు అంటే వెనకాడతాడు. నూజివీడు, మైలవరం, తిరువూరు వైపు బోర్ల మీద బతికే ఏ రైతును అడిగినా కారణం చెబుతాడు. వోల్టేజీ పడిపోయినప్పుడు సన్నని లెక్కలతో చేసిన పొదుపు మోటారు ముందుగా కాలిపోతుందన్నది అతని భయం. లావుపాటి తీగ చుట్టిన లోకల్ మోటారు ఎక్కువ కరెంటు తాగినా ఆటుపోట్లు తట్టుకుంటుంది. కాలితే ఊళ్లోనే రీవైండింగ్ చేయిస్తారు. కొత్తది కాలితే కంపెనీ మనిషి వచ్చేసరికి మిరప తోట ఎండిపోతుంది. రైతు పొదుపుకు వ్యతిరేకి కాడు. సరఫరా సరిగా లేని చోట సుకుమారమైన యంత్రాన్ని నమ్ముకోవడానికి భయపడుతున్నాడు.

లో టెన్షన్ వోల్టేజీ 6 శాతానికి మించి అటూ ఇటూ ఊగకూడదని డిస్కమ్‌లకు ప్రమాణం ఉంది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని కూడా ఉంది. అవీ ఆదేశాలే. రైతు మీద ఆదేశం తప్పితే ఉచితం పోతుంది. డిస్కమ్ మీద ఆదేశం తప్పితే ఏమవుతోంది? పరిహారం రాసి ఉన్నా, దాని కోసం అర్జీ పెట్టుకుని తిరగాల్సింది మళ్లీ రైతే. ముందు ఈ ఆదేశాలు అమలు చేయించండి, పొదుపు మోటారు దానంతటదే పొలానికి వస్తుంది.

మీటరు పొదుపు పరికరం కాదు

పొదుపు పేరుతో మరో పరికరం కూడా మన గుమ్మంలోకి వస్తోంది. 2020 మేలో కేంద్రం రాష్ట్రాల అదనపు అప్పుకు విద్యుత్ సంస్కరణల షరతు పెట్టింది. ఆ సెప్టెంబరులో మన రాష్ట్రం వ్యవసాయ మోటార్లకు మీటర్లు, నగదు బదిలీ అంటూ జీవో 22 ఇచ్చి శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగం మొదలుపెట్టింది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన ఆర్‌డీఎస్ఎస్ పథకం ఇళ్లకూ ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలన్నది. ప్రజలు వ్యతిరేకించాక, వినియోగదారుల అంగీకారం లేకుండా ఇళ్లకు పెట్టబోమని 2025లో రాష్ట్ర ఇంధన మంత్రి చెప్పాల్సి వచ్చింది.

స్మార్ట్ మీటరు కరెంటు ఆదా చేస్తుందని ప్రచారం. కాటా మారిస్తే బస్తాలో ధాన్యం పెరగదు, తగ్గదు. మీటరు కొలుస్తుంది, అంతే. దాన్ని చూసి మనిషి వాడకం తగ్గించుకుంటే పొదుపు. ముందుగా డబ్బు కట్టలేక దీపం ఆర్పుకుంటే అది పొదుపు అనిపించుకోదు, చీకటి అనిపించుకుంటుంది. పైగా ఈ మీటర్ల ఖర్చు చివరికి టారిఫ్‌లోకే వస్తుంది. పొదుపు బల్బుతో మిగిలినదాన్ని మీటరు ఖర్చు పట్టుకుపోతే ఇంటికి దక్కేది ఏముంది? ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర, ఫీడర్ల దగ్గర మీటర్లు పెట్టి నష్టాలు లెక్క తేల్చమంటే ఎవరూ కాదనరు. పొదుపు పరికరాల మీద జరిగే చర్చలో స్మార్ట్ మీటరును కలిపేయడాన్ని మాత్రం ఒప్పుకోకూడదు.

అద్దె ఇల్లు, కౌలు చేను

పరికరం తప్పనిసరి చేసేవారు మరచిపోయే మనిషి ఒకడున్నాడు. గవర్నర్‌పేటలోనో సత్యనారాయణపురంలోనో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండే చిరుద్యోగిని తీసుకోండి. ఫ్యాను ఇంటి ఓనరు బిగించిందే, బిల్లు మాత్రం అద్దెకున్నవాడు కడతాడు. ఓనరుకు మంచి ఫ్యాను కొనాల్సిన అవసరం లేదు. అద్దెకున్నవాడు కొనిపెట్టినా ఏడాది తిరిగేసరికి ఇల్లు మారాల్సి రావచ్చు.

కౌలు రైతు పరిస్థితి అచ్చం ఇదే. చేను ఒకరిది, బోరు కనెక్షన్ ఒకరి పేర ఉంటుంది, సాగు చేసేది ఇంకొకరు. మన డెల్టాలో సాగుదారుల్లో ఎక్కువమంది కౌలుదార్లే. పంపు మార్చాలని ఆదేశిస్తే పేరున్న ఆసామి పట్నంలో ఉంటాడు, పెట్టుబడి పెట్టాల్సింది కౌలుదారు. మరుసటి ఏడు ఆ చేను అతనికి దక్కుతుందన్న హామీ లేదు. పథకం వచ్చినా కనెక్షన్ పేరు అడుగుతారు, అతని పేరు ఉండదు. కాబట్టి ఏ పరికరం ఇచ్చినా ఆ ఇంట్లో ఉంటున్నవారికి, ఆ చేను దున్నుతున్నవారికి అందేలా రాయాలి.

బలవంతం అసలే వద్దా?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. అంతా జనం ఇష్టానికి వదిలేస్తే నాసిరకం సరుకే చౌకగా అమ్ముడుపోతుంది కదా? అవును, పోతుంది. అందుకే ఆదేశం అక్కర్లేదని అనడం లేదు. అది తయారుచేసేవాడి మీద, అమ్మేవాడి మీద ఉండాలంటున్నాం.

2001 నాటి ఇంధన పొదుపు చట్టంలోని 14వ సెక్షన్ కేంద్రానికి ఈ అధికారం ఇచ్చింది. ప్రమాణానికి తగని పరికరాల తయారీని, అమ్మకాన్ని ఆపవచ్చు. 2010 నుంచి ఏసీలకు, ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు, ట్యూబ్‌లైట్లకు, డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లకు స్టార్ గుర్తు తప్పనిసరి అయింది. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి వచ్చింది. వ్యవసాయ పంపుసెట్లను మాత్రం ఏళ్ల తరబడి కంపెనీల ఇష్టానికే వదిలేశారు. ఐఎస్ఐ పంపు కొనకపోతే రైతుకు ఉచిత కరెంటు లేదన్నారు. నాసిరకం పంపు అమ్మే వ్యాపారి జోలికి వెళ్లలేదు. ఇదెక్కడి న్యాయం?

స్టార్ గుర్తు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. స్టార్ల లెక్క కొన్నేళ్లకోసారి కఠినం చేస్తారు. పాత ఏడాది 5 స్టార్ ఏసీ కొత్త లెక్కలో తక్కువ స్టార్‌కు దిగిపోవచ్చు. లేబుల్ మీద ఏ సంవత్సరానిదో, ఏడాదికి ఎన్ని యూనిట్లో చూసి కొనండి.

బయటి అనుభవాలూ ఇదే చెబుతున్నాయి. క్యూబాలో 2005లో ఇంధన విప్లవం పేరుతో యువకులు ఇంటింటికీ తిరిగి పాత బల్బులు తీసేసి కొత్తవి ఉచితంగా బిగించారు. కొన్ని నెలల్లో 90 లక్షలకు పైగా బల్బులు మారాయి. అదే దేశంలో ఫ్రిజ్‌లను అప్పు మీద ఇచ్చారు, ఆ అప్పు తీర్చడం చాలా కుటుంబాలకు భారమైంది. ఇప్పుడక్కడ ఉన్న తీవ్రమైన కరెంటు కొరత చూస్తే, పొదుపు ఎంత చేసినా ఉత్పత్తి కేంద్రాలు చూసుకోక తప్పదని కూడా తెలుస్తుంది. కేరళలో విద్యుత్ బోర్డు ముందు ఎల్‌ఈడీ బల్బులు చౌకగా, బిల్లులో వాయిదాల మీద ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ తర్వాతే పాత బల్బుల అమ్మకం నిలిపేస్తామని 2020 బడ్జెట్‌లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ముందు వస్తువు ఇంటికి చేర్చి, ఆ తర్వాత దుకాణం మీద నిషేధం పెట్టడమే సరైన వరుస. మనకు పెట్టింది తిరగేసిన వరుస.

మనం అడగాల్సినవి

ఇళ్లయినా పొలాలైనా పొదుపు పరికరాల సంగతిలో మన సంఘం ఈ ఆరు విషయాల మీద నిలబడాలి.

1. పొదుపు ప్రమాణం తయారీదారు మీద, అమ్మకందారు మీద తప్పనిసరి చేయాలి. పంపుసెట్లను కూడా అందులో చేర్చాలి. చిన్న పరిశ్రమలకు మారడానికి గడువు, సాయం ఇవ్వాలి.

2. ఏ ఇంటికీ, ఏ రైతుకూ పరికరం లేదని కనెక్షన్ తీసేయడం, రాయితీ ఆపేయడం చేయకూడదు.

3. నెలకు 125 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు పొదుపు ఫ్యాన్లు డిస్కమ్ టెండరు ధరకు కొని పాతవాటి బదులు ఇవ్వాలి. 200 యూనిట్ల ఉచితం ఉన్న కుటుంబాలకు పూర్తిగా ఉచితంగా ఇవ్వాలి.

4. ట్రాన్స్‌ఫార్మర్ వారీగా అన్ని మోటార్లకూ కెపాసిటర్లు డిస్కమ్ ఖర్చుతో ఒకేసారి బిగించాలి. వోల్టేజీ సరిచేసిన ఫీడర్లలో, కోరిన రైతులకు పొదుపు పంపులు ఇచ్చి ఐదేళ్లు మరమ్మతు బాధ్యత తీసుకోవాలి.

5. కార్బన్ క్రెడిట్ల వంటి ఆదాయం వస్తే, పరికరం వాడే కుటుంబం వాటా ఎంతో ఒప్పందంలో ముందే రాయాలి.

6. కౌలు రైతులకు, అద్దె ఇళ్లలో ఉన్నవారికి కనెక్షన్ పేరుతో పని లేకుండా పథకం వర్తించాలి.

ఏటా టారిఫ్ ప్రతిపాదనల మీద నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపుతుంది. అక్కడ మాట్లాడే హక్కు ప్రతి వినియోగదారుడికీ ఉంది. గ్రామ శాఖలు ఇప్పటి నుంచే తమ ఊరి ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని, ఒక్కోదాని కింద మోటార్లు ఎన్ని, కెపాసిటర్లు ఉన్నవి ఎన్ని, ఏడాదిలో ఎన్నిసార్లు కాలాయి, ఎన్ని రోజులకు మార్చారు అన్న వివరాలు నోటు పుస్తకంలో రాసి ఉంచాలి. విచారణలో అధికారులు లెక్కలతో వస్తారు. మనమూ లెక్కలతోనే వెళ్లాలి.